సున్నం పూసిన కుండ

పత్తికొండ,
2023 నవంబరు 18.

ఓబుళేశుకు,

నీ బావ లక్ష్మన్న రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అక్క గురమ్మ బాగుంది. ఎవరికీ ఏమీ కాలేదు. నువ్వు కంగారు పడతావని ముందే రాస్తున్నాను.

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఫోన్ చేయవచ్చు. కానీ ఫోన్ మీ అక్క కొంగుముడిలో ఉంటుంది. నేను మాట్లాడితే పక్కన కూర్చుని వింటుంది. ఇది ఆమె వినే సంగతి కాదు. పైగా ఫోన్లో నాకు మాట రాదు. అవతలి మనిషి ఆగినప్పుడు నేను మాట్లాడాలని తెలుసు. సరిగ్గా అప్పుడే ఫోన్ మీ అక్కకు ఇచ్చేస్తాను.

సంగతి కల్లు గురించి.

మా వంక గట్టున ఈతచెట్లున్నాయి. ఏసన్న గీస్తాడు. పెళ్ళికి ముందు నుంచీ సాయంత్రం అక్కడికి పోయి ఒక ముంత తాగడం నా అలవాటు. ఒకటే ముంత. రెండోది ఎన్నడూ లేదు. మీ అక్క కాపురానికి వచ్చిన వారానికే ఒక మాట అంది. "ఈ గడప లోపలికి కల్లు రాకూడదు." సరే అన్నాను. ఎందుకని అడగలేదు. నలభై ఆరేండ్లుగా చెట్టుకింద తాగి, వేపాకు నమిలి, మైలు దూరం నడిచి, ఇంటికొచ్చి అన్నం తింటున్నాను.

ఇప్పుడు మోకాలు పోయింది. పోయిన శ్రావణంలో గట్టు మీద జారాను. వంక దాకా నడవలేను. నాతో కూర్చునే ఇద్దరిలో ఒకడు పోయాడు, ఒకడు మంచం మీద ఉన్నాడు. ఏసన్న ఇంటికే తెచ్చిస్తానంటాడు. గడప ఉంది కదా అంటాను.

నా కోరిక చిన్నది. రాయడానికి సిగ్గుగా ఉంది. మీ అక్క చేతి రాగి సంగటి, చెనిగ్గింజల ఊరుబిండి పచ్చడి, పక్కన ఒక ముంత. మూడూ ఒక్కసారే, నా ఇంట్లో, నా కంచం ముందు. ఆ కారం మీద ఆ చల్లన పడితే ఎట్లా ఉంటుందో ఇన్నేండ్లలో నాకు తెలియదు. వేపాకు చేదు మధ్యలో అడ్డం వచ్చేది.

మీ అక్కకు కల్లంటే ఎందుకు గిట్టదు? తెలిస్తే రాయి. ఇంటికి రాయవద్దు. టమోటా మార్కెట్ ఎదురుగా చిన్న ఈరన్న టీ అంగడి ఉంది. ఆ అడ్రసుకు రాయి.

లక్ష్మన్న


రాజంపేట,
2023 నవంబరు 27.

బావా,

నీ ఉత్తరం వచ్చేసరికి మా ఇంట్లో పొయ్యి ఆర్పేశారు. నీ చెల్లెలు కృష్ణవేణమ్మ కవరు మీద పేరు చూసి "పత్తికొండ అన్న ఉత్తరం రాసినాడంటే ఎవురో పోయింటారు, నువ్వు చదువు, నేను తలస్నానానికి నీళ్ళు పెడతా" అని బావి దగ్గరికి పోయింది. "ఎవరికీ ఏమీ కాలేదు" అన్న ముక్క గట్టిగా చదివి వినిపించాక గానీ బిందె దించలేదు.

మా పెళ్ళికి వచ్చి నువ్వు మూడు దినాలున్నావు. ఆ మూడు దినాల్లో నువ్వు మాట్లాడిన మాటలన్నీ పోగేసినా ఈ ఉత్తరంలో సగం కావు. నీకు ఇంత చెప్పుకునేది ఉందని నాకు తెలియదు బావా. నిజంగా సంతోషం వేసింది.

నీ కోరిక చదివి నీ చెల్లెలికి కండ్లలో నీళ్ళు తిరిగాయి. మా ఇంట్లో ఆ కోరిక దినమూ తీరుతుంది కాబట్టి మాకు దాని విలువ తెలియలేదు. చెయ్యేటి ఒడ్డున మా చెట్లున్నాయి కదా. చలికాలమంతా పొద్దున ఒక కుండ దిగుతుంది. కృష్ణవేణమ్మ దోసెపిండిలో గరిటెడు పోసి పులియబెడుతుంది. ఆ దోసెకు ఎర్రకారం పూసి తిని చూడాలి నువ్వు. సాయంత్రం అలసంద వడలు వేస్తుంది. పెనం దగ్గర కూర్చుని వేడి వడ, చల్లని ముంత, ఒకదాని వెనక ఒకటి. ఆదివారమైతే నాటుకోడి పులుసు. ఆమె కూడా అర ముంత తీసుకుంటుంది. తాగాక పాటలు పాడుతుంది. అవి మాత్రం భరించలేం.

ఇంక మా అక్క సంగతి. ఆమె మాత్రం

పైన కొట్టేసిన వాక్యం చదవొద్దు. చెయ్యి జారింది.

మా అక్క మనసులో ఏముందో ఆమె చెప్పాలి గానీ నేను చెప్పకూడదు. నాతో ఒట్టు వేయించుకుంది. నీకూ నోరుంది కదా, తెరిచి అడుగు. ఎనిమిది అడుగుల దూరంలో కూర్చున్న పెండ్లాం సంగతి మూడువందల కిలోమీటర్ల దూరంలో ఉన్న బావమరిదిని అడిగేవాడివి నువ్వొక్కడివే.

నీ
ఓబుళేశు


పత్తికొండ,
2023 డిసెంబరు 9.

ఓబుళేశుకు,

అడిగాను.

మంగళవారం సాయంత్రం మీ అక్క రోట్లో చెనిగ్గింజలు నూరుతోంది. నేను స్తంభానికి ఆనుకుని కూర్చుని మూడుసార్లు దగ్గాను.

"ఏంది, జలుబు చేసిందా? మిరియాల కషాయం కాసేదా?"

"జలుబు కాదు."

"మరేంది?"

"ఏసన్న ఇంటికే తెచ్చిస్తానంటాండాడు."

"ఏంది తెచ్చేది, కట్టెలా?"

"కల్లు."

ఆమె చేతిలో పొత్రం ఆగింది. "మన గడప యాడుండాదో ఏసన్నకు తెలుసు గదా. దానికి అవతలే ఉండమను. నువ్వూ పోయి అవతలే తాగు. అది లోపలికి వచ్చిన దినం నేనుండను."

"వయసైపోయింది గదా అని..."

"ఎవురికి వయసైంది? నాకా, కల్లుకా?"

అంతే. ఆ దినం ఊరుబిండి గంధం మాదిరి మెత్తగా ఉంది. మిరపకాయలు కూడా రెండింతలు పడ్డాయి.

నువ్వు కొట్టేసిన వాక్యం చదవొద్దన్నావు. చదివాను. కాగితం ఎండకు పట్టుకుని చూశాను. నా కండ్లకు ఆనలేదని చిన్న ఈరన్న కూడా చూశాడు. "ఆమె మాత్రం వచ్చిన ప్రతిసారీ రెండు ముంతలకు తక్కువ తాగదు" అని ఉంది. ఈరన్న టీ గ్లాసులు వదిలేసి నవ్వాడు. "ఏమప్పా లచ్చన్నా, మీ ఇంట్లో కల్లు తాగేది నువ్వొక్కడివే అనుకుంటివే! నువ్వు ఒకటైతే ఆయమ్మ రెండంట!"

నాకు నవ్వు రాలేదు.

ఆమె పుట్టింట్లో తాగుతుంది. ఇష్టంగా తాగుతుంది. అయితే ఆమెకు గిట్టనిది కల్లు కాదు. మరి ఏది? నేనా?

నువ్వు ఒట్టు వేసిన మాట నాకు తెలుసు. అయినా రాయి.

లక్ష్మన్న


రాజంపేట,
2023 డిసెంబరు 20.

లక్ష్మన్న బావకు,

నువ్వు ఎండకు పట్టుకుని చదివావు కాబట్టి ఒట్టు సగం విరిగింది. మిగతా సగం నేనే విరుస్తున్నాను. ఇందులో ఎగతాళి లేదు.

నువ్వు మా అక్కను అడిగింది ఏమిటి? తాగనిస్తావా అని. ఎందుకు వద్దన్నావని అడగలేదు. ఈ నలభై ఆరేండ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె నాతో అన్న మాట ఇది. "అడిగితే చెప్తా తమ్ముడూ. అడిగేటోడు లేడు."

మీ పెళ్ళికి మేము ఇక్కడి నుంచి ఎట్లా వచ్చామో గుర్తుందా? మీ మేనమామ రైల్వేలో పని చేసేవాడు కాబట్టి సంబంధం కుదిర్చాడు గానీ, మా వాళ్ళెవరూ అంత దూరం పిల్లను ఇచ్చింది లేదు. మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పిల్లను అత్తగారింట దించేటప్పుడు పుట్టింటి చెట్ల కల్లు ఒక కుండ ఆమెతో పాటు గడప దాటాలి. వియ్యాలవాళ్ళు దాన్ని తాగితే, పిల్లను తమలో కలుపుకున్నట్టు. మా నాయన సుబ్బయ్య ఆ కుండను రైల్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గుంతకల్లులో దిగాక నేను నెత్తిన పెట్టుకున్నాను. నాకు పద్దెనిమిదేండ్లు. ఒక పగలు, ఒక రాత్రి, మళ్ళీ సగం పగలు పట్టింది దారి.

మామూలు కల్లు అంతసేపు నిలవదు బావా. పులిసి నురగలెత్తి కుండ పగులుతుంది. అందుకని మా నాయన గీసేటప్పుడే కుండ లోపల సున్నం పూశాడు. సున్నం ఉంటే కల్లు పులియదు, తియ్యగానే ఉంటుంది. పులిసిన కల్లు కూతురి గడపలో దించకూడదని ఆయన పట్టు.

మీ వాకిట్లో కుండ దించాను. మీ అన్న తిమ్మప్ప మూత తీశాడు. అంచున తెల్లగా సున్నం కనిపించింది. "ఇదేందిది, సున్నపు నీళ్ళు తెచ్చినారు? మా కడుపులేమన్నా గోడలా, వెల్ల వేయడానికి?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుకు ఉషారెక్కి కుండ ఎత్తి పెంటదిబ్బ మీద వంచేశాడు. చుక్క మిగల్చలేదు. ఎవరూ రుచి కూడా చూడలేదు.

మా నాయన ఖాళీ కుండ కడుక్కుని వెనక్కి తెచ్చుకున్నాడు. ఆ తరువాత మీ ఊరి పేరు ఆయన నోట నేను వినలేదు. రెండేండ్లకు పోయాడు.

అప్పటికే లోపలికి తీసుకుపోయిన మా అక్క తలుపు సందులో నుంచి అంతా చూసింది. మా నాయన కల్లు దాటని గడపను ఇంకెవరి కల్లూ దాటకూడదని అప్పుడే అనుకుంది. అదీ సంగతి. ఆమెకు గిట్టనిది కల్లు కాదు.

ఆ పొద్దు నువ్వు యాడున్నావు బావా? తల వంచుకుని ఉన్నావు. చూడలేదనుకుంటాను. చూడలేదనే ఇన్నాళ్ళూ మా అక్కకు చెప్తూ వచ్చాను.

ఓబుళేశు


పత్తికొండ,
2024 జనవరి 3.

ఓబుళేశుకు,

నీ ఉత్తరం అంగడిలో చదవలేదు. చేనికి తీసుకుపోయి చదివాను.

నేను చూశాను.

తల వంచుకున్నది చూశాకే. అన్న చేతిలో కుండ వంగడం చూశాను. మామ ముఖం చూశాను. "అన్నా, ఆగు" అనాలి. రెండే మాటలు. రాలేదు. అంతమందిలో మామ నా వైపే చూశాడు. నేను నా చేతి కంకణం చూసుకున్నాను.

గురమ్మ లోపల ఉంది, చూసి ఉండదు అనుకున్నాను. కల్లు వద్దన్నప్పుడు, తాగుబోతుల్ని చూసి అసహ్యపడిందేమో అనుకున్నాను. అట్లా అనుకుంటే నాకు సుఖంగా ఉండింది. అందుకే ఎందుకని అడగలేదు. సిగ్గు వల్ల కాదు. అడిగితే చెబుతుందని.

ఇకమీదట నేను చూడలేదని ఆమెతో అనవద్దు.

మీ నాయన గీసిన చెట్లు ఇంకా ఉన్నాయా? సున్నం పూయడం నీకు వచ్చా? ఉంటే, వస్తే, నాకొక కుండ కట్టించు. మాఘంలో వస్తాను. నేనే మోసుకొస్తాను. నువ్వు వెంట రావద్దు.

అన్న తిమ్మప్ప మా ఎదురింట్లోనే ఉన్నాడు. ఎనభై ఏండ్లు. పొద్దు పొడిచింది మొదలు అరుగు మీదే ఉంటాడు. ఆయన కంట పడకుండా ఈ వీధిలో కోడి కూడా పోదు. అన్నకు నేను ఇంతవరకు ఎదురు చెప్పింది లేదు. అయినా వస్తాను.

లక్ష్మన్న


రాజంపేట,
2024 జనవరి 14.

బావా,

నీ ఉత్తరం చదివి నాలుగు దినాలు నీ మీద కోపంగా ఉన్నాను. ఐదో దినం పొద్దున చెట్టు దగ్గర ఉన్నప్పుడు పోయింది. "చూశాను" అని రాయకపోయినా నిన్ను పట్టుకునేవాడు ఎవడూ లేడు. రాశావు. ఆ మాట రాసినవాడు కుండ కూడా మోస్తాడు.

నాయన గీసిన చెట్లలో మూడు మిగిలాయి. అందులో ఒకటి ఇప్పటికీ తేనె మాదిరి కారుతుంది. దానికే కుండ కడతాను. నేను ఎక్కి చాలా ఏండ్లైంది గానీ, ఈసారి మనిషిని పెట్టను. నీ చెల్లెలు వద్దంటోంది. "మీ ఇద్దరి మోకాళ్ళూ కలిపినా ఒక మంచి మోకాలు గాదు" అంటోంది. అననీ.

సున్నం మూడు దినాలు నానబెట్టి, పైన తేరిన నీళ్ళు వంచేసి, అడుగున వెన్న మాదిరి ఉన్నది వేలితో కుండ లోపల పూయాలి. ఎంత పూయాలన్నది మాత్రం నాయన వేలికే తెలుసు. నేను అంచనాగా పూస్తాను. తప్పు వస్తే నాది.

మాఘ శుద్ధంలో ఒక సాయంత్రానికి వచ్చెయ్. రాత్రికి ఉండు. తెల్లారి కల్లు దించి గుడ్డలో వడగట్టి వేరే కుండకు మార్చిస్తాను. పొద్దున రైలు పట్టుకుంటే మధ్యాహ్నానికి గుంతకల్లు, అక్కడ బస్సు, పొద్దు గూకకముందే ఊళ్ళో ఉంటావు. మా నాయన దారిలో సగం కూడా కాదిప్పుడు.

మా అక్కకు ఏమని చెప్పి వస్తావు? అబద్ధం చెప్పడం కూడా నీకు రాదే!

నీ
ఓబుళేశు


పత్తికొండ,
2024 ఫిబ్రవరి 18.

ఓబుళేశుకు,

ఇది పెద్ద ఉత్తరం. చెప్పాల్సింది ఉంది.

నువ్వు రైలెక్కించినప్పుడు కృష్ణవేణమ్మ కట్టిచ్చిన వడలు గుంతకల్లు దాకా ముట్టలేదు. కుండ ఒళ్ళో ఉంది. రెండు చేతులూ దాని మీదే. మీ నాయన ఇట్లాగే కూర్చుని ఉంటాడనుకున్నాను.

బస్సులో కండక్టరు వాసన పట్టాడు. "ఏముండాది పెద్దాయనా కుండలో?"

"పెండ్లి కల్లు."

"ఎవురి పెండ్లి?"

"నాదే."

బస్సంతా నవ్వింది. ముందు సీట్లో ఒకామె వెనక్కి తిరిగి "పెండ్లికూతురు యాడ తాతా?" అంది. "ఇంట్లో ఉండాది. నలభై ఆరేండ్లుగా కాచుకొని ఉండాది" అన్నాను. ఆ మాటలు నేనే అన్నానని నాకే ఆశ్చర్యం. ఆ నవ్వులో కండక్టరు కుండకు కిటికీ పక్క చోటిచ్చాడు.

బస్సు దిగి ఎక్కిన ఆటోను వీధి మొదట్లోనే ఆపమన్నాను. వీధి పొడుగునా నడవాలి. కుండ భుజాన, కర్ర చేతిలో. నాలుగు ఇండ్లు దాటేసరికి వెనక పదిమంది అయ్యారు. అన్న అరుగు మీద ఉన్నాడు.

"ఏమిరా లచ్చా, ఒంటిమిట్టలో ప్రసాదం కుండతో పెడుతుండారా?"

నీకు చెప్పాను కదా, గురమ్మతో ఒంటిమిట్ట దర్శనమని చెప్పి వచ్చాను. "ఒక్కడివే పోతాండావా? దారి తప్పితే అడగను గూడా అడగవు గదా" అంది అప్పుడు. అబద్ధం కాకూడదని వచ్చేటప్పుడు అక్కడ దిగి రాములవారికి దండం పెట్టుకునే మీ ఇంటికి వచ్చాను.

"ప్రసాదం గాదన్నా. కల్లు. మా మామ సుబ్బయ్య చెట్లది."

"ఏ సుబ్బయ్య?"

"నువ్వు పెంటదిబ్బ మీద పారబోసిన కల్లు సుబ్బయ్య."

మా ఇంటి తలుపు తీసుకుని గురమ్మ గడప దగ్గరికి వచ్చింది. చేతిలో సంగటి తెడ్డు ఉంది. నన్ను చూసింది. కుండను చూసింది. కదలలేదు.

నేను గడప దాటలేదు. వాకిట్లోనే నిలబడ్డాను. ఆగితే మళ్ళీ మాట రాదని తెలుసు. అందుకే ఆగకుండా చెప్పేశాను.

"అన్నా, ఆ పొద్దు మా మామ సున్నం పూసింది మనల్ని చిన్నచూపు చూసి గాదు. ఒక పగలు, రాత్రి, మళ్ళా పగలు దారి. పులిసిన కల్లు కూతురి గడపలో దించకూడదని పూసినాడు. మనకు తెలీదు. తెలీనోళ్ళం అడగాల. పారబోస్తిమి. వంచింది నువ్వు. చూస్తా నిలబడింది నేను. నీకంటే నాదే పెద్ద తప్పు. గురమ్మా, నేను చూసినా. నువ్వు చూడలేదనుకొని ఇన్నాళ్ళు దాక్కుంటి. ఈ పొద్దు మళ్ళా అదే కల్లు తెచ్చినా. అన్నా, నేను తాగుతా. నువ్వు తాగితే తాగు. పారబోస్తే మాత్రం ఈ తూరి నేను ఊరకుండను."

అన్న నోరు తెరిచి నన్నే చూశాడు. "నువ్వు ఇంత మాట్లాడతావారా?"

"నాకూ ఈ పొద్దే తెలిసింది."

ఆయన కుండ వైపు చూశాడు. ఆ తరువాత చెయ్యి చాచాడు. నేను వీధి దాటి పోయి ఆయన నీళ్ళ ముంతలో పోసి ఇచ్చాను. కండ్లు మూసుకుని సగం తాగాడు. "తియ్యగా ఉండాదిరా" అన్నాడు. మిగతా సగం కూడా తాగాడు. "ఆ పొద్దు నేను రుచి గూడా చూడలేదు. పక్కన నలుగురు నవ్వినారని చేతికొచ్చింది చేస్తి." అరుగు దిగి, కర్ర లేకుండానే నా వెంట వీధి దాటి వచ్చి, మా వాకిట్లో నిలబడ్డాడు. "గురమ్మా, మీ నాయన లేడు. నీకు చెప్తాండా. తప్పయింది."

అప్పుడు మీ అక్క గడప దిగింది. తెడ్డు నా చేతికిచ్చింది. అన్న చేతిలోని ముంత తీసుకుని నింపుకుంది. వీధంతా చూస్తుండగా ఒక్క గుక్కలో తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఓబుళేశుది మోటు చెయ్యి. మా నాయన ఇంత సున్నం పూసేవాడు గాదు" అంది.

జనమంతా గొల్లుమన్నారు. ఆమె నవ్వలేదు. నా భుజం మీది కుండ తానే దించుకుంది. చంకన పెట్టుకుని, మా ఇంటి గడపను కుడికాలితో దాటింది, పెండ్లికూతురు దాటినట్టు. నేను తెడ్డు పట్టుకుని వెనక పోయాను.

ఆ సాయంత్రం సంగటి, ఊరుబిండి, నువ్వు పంపిన వడలు. ఆమె ఒక కంచం పెట్టింది. నేను లేచి ఇంకొకటి తెచ్చాను. "నేను తర్వాత తింటా" అంది. "తర్వాతంటే కల్లు అయిపోతాది" అన్నాను. కూర్చుంది. మా ఇంట్లో ఆలుమగలు ఎదురెదురుగా కూర్చుని తిన్నది లేదు. ముద్ద మింగాను. ఊరుబిండి కారానికి చెవులు వేడెక్కాయి. వెంటనే ఒక గుక్క. ఓబుళేశూ, అది ఎట్లా ఉందో రాయాలని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మాటలు లేవు. నాకు ఎప్పుడూ ఉండే కరువు కాదు ఇది. ఎవరి దగ్గరా ఉండవు.

ఆమెను అడిగాను, ఎందుకు ఇన్నాళ్ళూ చెప్పలేదని. "నువ్వు అడిగే దినం కోసం నిలవబెట్టుకొని ఉంటి" అంది.

ఇప్పుడు ఏసన్న పొద్దు వాలగానే వాకిట్లోకి వచ్చి పిలుస్తాడు. రెండు ముంతలు దించుకుంటాం.

లక్ష్మన్న


పత్తికొండ,
2024 మార్చి 6.

ఓబుళేశు తమ్ముడికి,

మీ అక్క గురమ్మ రాసేది. ఐదో తరగతి చదువు ఇది, తప్పులుంటే నవ్వొద్దు. మీరిద్దరూ నా వెనక నడిపిన ఉత్తరాలన్నీ మీ బావ తెచ్చి నా ముందర పెట్టాడు. చదివాను. నేను రెండు ముంతలకు తక్కువ తాగనని రాసినందుకు నీ చెవి మెలిపెట్టాలి. రెండే తాగుతాను. తక్కువ తాగనంటే ఎక్కువ తాగుతానని కదా అర్థం.

ఇప్పుడు పని మీద రాస్తున్నాను. తిమ్మప్ప బావ మనవరాలు యశోద పెండ్లి ఈ నెల ఇరవై ఆరున. నిన్న ఆయన మా ఇంటికి వచ్చాడు. చాపేస్తే కూర్చోలేదు. "గురమ్మా, మా పిల్లను బళ్ళారికి ఇస్తాండాం. మీ పుట్టింటి పద్ధతి ఉండాదే, పిల్లతో పాటు కుండ గడప దాటేది. అది మా పిల్లకు జేస్తావా?" అన్నాడు. నేను వెంటనే సరేననలేదు. పప్పు ఏరుతూ కూర్చున్నాను. ఆయన నిలబడే ఉన్నాడు. మీ బావ స్తంభం దగ్గర నుంచి "చేస్తుంది లే అన్నా, కూర్చో" అన్నాడు. నా బదులు ఆయన మాట్లాడటం ఎప్పటి నుంచి మొదలైందో చూడు!

చేస్తానన్నాను. ఒక్కటే షరతు పెట్టాను. కుండ ముందు నడవాలి, వీండ్లందరూ వెనక నడవాలి. ఆ బళ్ళారి వాళ్ళు మూత తీసినప్పుడు ఎందుకట్లా ఉందో పక్కన నిలబడి చెప్పడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి మీ బావ అని తిమ్మప్ప బావే అన్నాడు. "వానికంటే బాగా ఎవురు చెప్తారు?" అన్నాడు. నాయన ఆ మాట వినాల్సింది.

పిల్ల పుట్టినూరి కల్లే కావాలి కాబట్టి ఏసన్న చెట్లకే కట్టిస్తాను, నువ్వు మూడు కుండలు తీసుకురా. కృష్ణవేణమ్మను తీసుకుని నాలుగు దినాల ముందే రా. సున్నం నేనే పూస్తాను. దూరంగా నిలబడి నేర్చుకో.

మీ బావకు ఇప్పుడు మోకాలి నొప్పి కూడా తగ్గినట్టుంది. నోరు మాత్రం ఆగడం లేదు. తిన్నది, తాగింది, ఏసన్న అన్నది, అన్నీ చెప్తాడు. మొన్న అలసంద వడల పిండి తానే రుబ్బాడు. గట్టిగా ఉంది, అయినా వేశాను, అయినా తిన్నాం.

ఇంక రాయలేను. అవతల వాకిట్లో కంచాలు పెట్టుకుని కూర్చున్నాడు. "గురమ్మా, రా, సంగటి చల్లారిపోతాంది" అని పేరు పెట్టి పిలుస్తున్నాడు, వీధి చివరిదాకా వినపడేట్టు. ఒకసారి పలికాను. పలకలేదన్నట్టు మళ్ళీ పిలుస్తున్నాడు. పిలవనీ.

నీ అక్క
గురమ్మ